సముద్రం కింది బొగ్గు: పందొమ్మిది గజాలు

అనసూర్యను ఫారం ముందు కూర్చోబెట్టి, చేతిలో కలం పెట్టి, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయామని చాలామందికి మన మీద కోపం. కోపం న్యాయమే. కాకపోతే వారం గడిచింది మనకు. ఆ పిల్లకు గడిచింది ఒక్క పూటే. కలం ఇంకా చేతిలోనే ఉంది, గడి ఇంకా ఖాళీగానే ఉంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇది పందొమ్మిది వందల డెబ్బై నాలుగు. అనసూర్య గోదావరిఖనిలో బొగ్గుబావి కార్మికుడు గట్టయ్య ఒక్కగానొక్క కూతురు. వరంగల్లులో భూగర్భశాస్త్రం చదివి ఫస్టుక్లాసులో పాసయింది. కెనడా ప్రభుత్వం ఇచ్చే రెండేళ్ళ స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెడుతోంది. ఫారంలో ఒక గడి ఉంది, 'మీరు చదవదలచిన రాష్ట్రం' అని. ఒక్క పేరే రాయాలి. రెండో కోరిక ఒప్పుకోరు. ఆమె మనసులో ఉన్నవి రెండు రాష్ట్రాలు, రెండూ సముద్రపు ఒడ్డువే. పడమటి ఒడ్డున బ్రిటిష్ కొలంబియా. అక్కడ బొగ్గు కొండల్లో ఉంది. తూర్పు ఒడ్డున నోవాస్కోషియా. అక్కడ బొగ్గు సముద్రం అడుగున ఉంది, మనుషులు ఆ అడుగునే తవ్వుతున్నారు. ఏ రాష్ట్రం, ఎందుకు అన్నది ఒక పేజీలో రాయాలి. రాసినవి నిజమని ఎరిగిన పెద్దమనిషి ఒకరు ఉత్తరం ఇవ్వాలి. కింద తండ్రి సంతకం పెట్టాలి. సోమవారం పొద్దున పది గంటలకు టపా సంచీ కట్టేలోపు అన్నీ పోస్టాఫీసుకు చేరాలి.

పేజీ రాయడం అయింది. ఉత్తరం మంథనిలో ఆమెకు లెక్కలు చెప్పిన మాస్టారు ఇచ్చారు. ఇక మిగిలింది తండ్రి సంతకం. ఆ తండ్రేమో, కొండలైతే ఇప్పుడే పెడతాను, సముద్రమైతే పెట్టనంటే పెట్టనని భీష్మించుకున్నాడు.

శనివారం సాయంత్రం. మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, క్వార్టరు ముందు నులక మంచం మీద కూర్చున్నాడు గట్టయ్య. భార్య సారవ్వ పొయ్యిలో బొగ్గులు రాజేస్తోంది. లైను పొడుగునా అన్ని ఇళ్ళ ముందూ అదే పొగ. పెట్టనన్న మనిషి ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"బాయి మీద సముద్రం ఉంటదంటివి గదా," అన్నాడు, ఎటో చూస్తూ. "మరి లోపల ఊరే నీళ్ళు ఉప్పగుంటయా, సప్పగుంటయా?"

"నేనేమన్న తాగి చూసిన్నా బాపూ?"

"పుస్తకంల రాయలేదా?"

"రాయలేదు."

"గది రాయాలె గదా ముందుగాల! ఉప్పగుంటె సముద్రం దిగుతున్నట్టు. సప్పగుంటె ఫికర్ లేనట్టు." మంచం మీద ముందుకు జరిగాడు. "లోపలికి ఎంత దూరం పోతరు?"

"ఒడ్డు దాటి మూడు నాలుగు మైళ్ళు."

"ఓయమ్మో! పైనుంచి ఓడలు పోతుంటయా మరి?"

"పోతయి."

"పోతుంటె కింద చప్పుడు ఇనపడ్తదా?"

అనసూర్యకు నవ్వాగలేదు. ఆ ఇంట్లో ఎవరూ సముద్రం మొహం చూడలేదు. అయినా ఇరవై ఏళ్ళకు పైగా భూమి కింద బతికిన మనిషి అడిగే ప్రశ్న ప్రొఫెసర్లు అడిగేదాని కన్నా సూటిగా ఉంది. చప్పుడు వినిపిస్తుందా? ఆమెకూ తెలియదు. తెలుసుకోవాలని మాత్రం ఒళ్ళంతా ఒకటే ఆత్రం.

"ఓ దిక్కు వద్దంటవు, ఓ దిక్కు అడుగుడు ఆపవు," అంది సారవ్వ పొయ్యి దగ్గర్నుంచి. "ఏం మనిషివయ్యా నువ్వు! ఐనా ఆడిపిల్లను బాయిలకు దిగనిస్తరా ఎక్కడన్న?"

"దిగకున్నా మంచిదే అవ్వా. లెక్క గట్టేటోళ్ళు పైన కూసోని గూడ గడ్తరు. మన గోదారి కింద గూడ బొగ్గున్నది. పైన ఎంత మందం రాయి విడిచిపెడితె నీళ్ళు ఆగుతయో, ఎంత దగ్గరికి పోతె ఆగయో, గది నేర్చుకొని రావాలె. కొండలకు పోతె గది రాదు."

"కొండలకే పో," అన్నాడు గట్టయ్య. మొహంలోంచి ఇందాకటి కుతూహలం దీపం ఆర్పినట్టు పోయింది. "నీళ్ళ జోలికి పోవద్దు. మా అన్నను, మీ పెద్దబాపును, నీళ్ళే తిన్నయి."

"అందుకే పోతున్న బాపూ. నేను రాసింది ఒక్కసారి ఇను. ఇన్నంక గూడ వద్దంటె నీ ఇష్టం."

వినను అనలేదు. మొహం తిప్పుకున్నాడంతే. అనసూర్య కాగితం తీసి, ఇంగ్లీషులో రాసినదాన్ని ఒక్కో వాక్యమే తెలుగులో చెప్పసాగింది.

"మా పెద్దబాపు బుచ్చన్న బొగ్గు కొట్టే కూలి. పద్దెనిమిదేండ్ల కింద గోదారి అవతలి ఒడ్డున ఒక బాయిల పని చేస్తుండె. దాని పక్కకే పాతబడ్డ బాయి ఒకటి నీళ్ళతోటి నిండి ఉండె. కొత్త బాయి దాని దిక్కు పోవద్దని సర్వేయరు కప్పుకు సున్నం గీత గీసిండు. గీత ఎటు పోతె కూలోళ్ళు అటు కొట్టుకుంట పోవాలె. ఆ సర్వేయరు గీత తప్పిండు. దారి పందొమ్మిది గజాలు పక్కకు మలిగింది. పాత బాయి గోడ పగిలి నీళ్ళు పడ్డయి. పెద్దబాపుతోటి ఏడుగురు పోయిండ్రు..."

"ఆగు."

అనసూర్య ఆగింది.

"ఎన్ని గజాలన్నవు?"

"పందొమ్మిది."

"పన్నెండు గదా అందరు చెప్పేది. కంపెనీ కాగితంల గూడ పన్నెండే."

"నేనూ పన్నెండే రాసిన. మా లెక్కల సారు కొట్టేసి పందొమ్మిది చేసిండు." కాగితం తిప్పి చూపించింది. ఎర్ర సిరాతో అంకె దిద్ది ఉంది. పేజీ మొత్తంలో ఆయన దిద్దింది ఆ ఒక్క అంకె. ఎందుకని అడుగుదామనుకుంటూనే మరిచిపోయింది అనసూర్య.

గట్టయ్య కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చదువు రాదు గానీ ఎర్ర సిరా మీద బొటనవేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"మీ లెక్కల సారు పేరేంది?"

"వామనరావు సారు. అవ్వకు ఎరుకే. బడి ఫీజు కట్టనీకి పోయినప్పుడల్ల కలిసింది."

"మంథని వామనరావేనా? ఎడమ చెవి కాడ మచ్చ ఉంటదా?"

"ఉంటది. నీకెట్ల తెల్సు బాపూ?"

గట్టయ్య కాగితాన్ని మంచం మీద పెట్టాడు.

"పందొమ్మిది గజాలని తెల్సింది ఇద్దరికే బిడ్డా. నీళ్ళు తోడినంక కొలవనీకి లోపలికి పోయింది ఇద్దరమే. టేపుకు ఒక కొస నేను పట్టుకున్న. ఇంకో కొస సర్వేయరు పట్టుకున్నడు. మీ సారే ఆ సర్వేయరు."

సారవ్వ పొయ్యి వదిలేసి వచ్చింది. అనసూర్య కాగితం మీది ఎర్ర అంకెనే చూసింది. ఆరేళ్ళు తనకు లెక్కలు చెప్పిన మనిషి! హాస్టల్లో జ్వరం వస్తే ఇంటి నుంచి జావ పంపిన మనిషి! ఆయన తప్పు వల్లే పెద్దబాపు పోయాడని ఆయన చేతికే రాసిచ్చి, నిజమేనని ఉత్తరం ఇవ్వమని అడిగింది. ఆయన ఇచ్చాడు. ఛీ, ఎంత పని చేశాను అని తన మీద తనకే అసహ్యం వేసింది. వెంటనే కోపం కూడా వచ్చింది.

"మరి ఆయన గీత తప్పింది నిజమే గదా? గందుకే గదా నౌకరీ ఊడింది?"

"ఆయన తప్పలేదు," అన్నాడు గట్టయ్య. "ఆ గీత గీసింది నేను."

పక్కింటి రేడియోలో ఏదో పాట వస్తోంది. సారవ్వ అక్కడే నేల మీద చతికిలబడింది.

"సర్వేయరు రావాల్సిన రోజు రాలేదు. మల్ల రోజు గూడ రాలేదు. గీత అయిపోయింది. గీత లేంది బొగ్గు కొట్టొద్దని రూలు. కొట్టకుంటె బొగ్గు టబ్బులు నిండయి, కూలి రాదు. అన్న అన్నడు, 'తమ్మీ, నీ చెయ్యి సక్కగుంటది, నువ్వే గుంజు' అని. నా తంబాకు డబ్బిల సున్నం ఉంటది గదా. గది వేలుకు రాసుకొని పాత గీతను ముందుకు గుంజిన. దీపం పెట్టి చూస్తె సక్కగనే ఉన్నది. తెల్లారి ఇంకింత గుంజిన. సర్వేయరు రాలేదు, నేను గుంజుకుంటనే పోయిన. పదిహేను రోజులు. ఏ రోజుకారోజు సక్కగనే కనపడ్డది బిడ్డా. మొత్తం కలిపి చూస్తె మలిగింది. నీళ్ళు పడ్డ పొద్దు నాది రెండో షిఫ్టు, మా అన్నది మొదటిది."

"ఇన్నేండ్ల సంది నాకు గూడ చెప్పకపోతివి," అంది సారవ్వ. "నీ పక్కన కూసోని బువ్వ తిన్నదాన్ని. నాకు గూడ చెప్పకపోతివి."

"ఎట్ల చెప్పాలె? అన్నను నేనే సంపిన్నని ఎట్ల చెప్పాలె?" గట్టయ్య రెండు చేతులతో మొహం కప్పుకుని పెద్దగా ఏడ్చేశాడు. లైనులో వాళ్ళు తొంగి చూస్తారన్న సోయి కూడా లేదు.

అనసూర్యకు తండ్రి మీద చెప్పలేనంత జాలి వేసింది. ఆ జాలి పక్కనే కోపమూ ఉంది. ఆయన నోరు విప్పి ఉంటే వామనరావు సారు ఉద్యోగం పోయేది కాదేమో. పద్దెనిమిదేళ్ళు ఒక నిందను సారు మోశాడు, తన తండ్రి చూస్తూ ఊరుకున్నాడు. ఈ రెండూ నిజమే. ఏది ఎక్కువ నిజమో తేల్చడం ఆమె వల్ల కాలేదు.

కాసేపటికి గట్టయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "పెద్దబాపు ముచ్చట తీసేసి రాయరాదు బిడ్డా. లేకుంటె కొండలకన్న పో. గీ సంగతి బయటపడితె నా నౌకరీ పోతది. క్వార్టరు పోతది. ఇంక ఎనిమిదేండ్ల సర్వీసున్నది."

ఆమె ముందు దారి అంత తేలిగ్గా ఉంది, చూడండి. కొండల రాష్ట్రం పేరు రాస్తే చాలు. పాత సంగతి ఎత్తే పనే లేదు. తండ్రి సంతకం పెడతాడు, మాస్టారి ఉత్తరం చెల్లుతుంది, టపా సంచీ వెళ్ళిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు.

"గది తీసేస్తె ఆ సముద్రంతోటి నాకేం సంబంధం బాపూ?" అంది. "ఉంచితె అబద్ధం ఉంచాలె. సారు పేరు మీద. అబద్ధం నేను ఉంచ."

"మరేం చేస్తవు?"

"రేపు పొద్దుగాల మంథని పోత. నువ్వు రాకున్నా పోత."

ఆదివారం పొద్దున ఆమె బస్టాండుకు వెళ్ళేసరికి గట్టయ్య ఉతికిన ధోతి కట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె కన్నా ముందే వచ్చాడు.

వామనరావు ఇంట్లో వాకిలి తీసింది ఆయన భార్య జానకమ్మ. "అనసూర్యా! మళ్ళొచ్చినవేంది బిడ్డా, ఫారం పంపలేదా ఇంక?" అంటూ వెనక మనిషిని చూసి ఆగింది. గట్టయ్య వాకిట్లోనే చెప్పులు విడిచి, అరుగు ఎక్కకుండా కింద నిలబడ్డాడు.

వామనరావు లోపలి నుంచి వచ్చాడు. అరవై దాటిన మనిషి, సన్నగా, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. గట్టయ్యను చూశాడు. గుర్తు పట్టడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

"పైకి రా గట్టయ్యా."

"రాను సారూ. ముందుగాల నా మాట ఇను. ఆ గీత..."

"నువ్వు గీసినవు. నాకు ఎరుకే."

గట్టయ్య తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు.

"టేపు పట్టుకున్న నాడే తెలిసింది," అన్నాడు వామనరావు. "నా గీత కుంచెతోటి గీసింది, పల్చగ ఉంటది. అక్కడినుంచి ముందుకు ఉన్నది వేలితోటి గీసింది. సున్నంల తంబాకు పొడి గూడ ఉన్నది. తల ఎత్తి చూసిన, నిన్ను చూసిన. నువ్వు మీ అన్న కోసం ఏడుస్తున్నవు."

"మరి ఎందుకు చెప్పలేదు సార్?" ఈసారి అడిగింది అనసూర్య. "మీ నౌకరీ పోతుంటె ఎందుకు ఊకున్నరు? మా బాపు మీద దయ తలిచిన్రా?"

వామనరావు నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు.

"అట్ల అనుకుంటె నాకు బాగనే ఉంటుండె బిడ్డా. దయ కాదు. గీత నాది కాదని చెప్తె, మరి పదిహేను రోజులు నువ్వెక్కడున్నవయ్యా అని అడుగుతరు. నేను పైన ఆఫీసుల ఉన్న. అంతకు నెల ముందట నా కండ్ల ముందరే కప్పు కూలి ఒకతను పోయిండు. అప్పటిసంది బాయి మూతి కాడికి పోతె కాళ్ళు కదలకపోయేది. సర్వేయరుకు భయమైతున్నదంటె ఎవరితో చెప్పుకోవాలె? రోజూ దిగినట్టు, గీత చూసినట్టు పుస్తకంల సంతకం పెట్టిన. ఒక్కనాడు కూడ దిగలేదు."

జానకమ్మ మంచినీళ్ళ చెంబుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ మాట ఆమె కూడా వినడం ఇదే మొదలని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది.

"పన్నెండు గజాలంటె ఒక్క పొరపాటు అనుకుంటరు. నౌకరీతోటి పోతది," అన్నాడాయన. "పందొమ్మిది అంటె పదిహేను రోజులు ఎవడూ చూడలేదని తెలిసిపోతది. అప్పుడు జైలే. అందుకే కొలిచింది పందొమ్మిదైనా రాసింది పన్నెండు. నీ కాగితంల పన్నెండు చూసినంక ఇగ నా చెయ్యి ఆగలేదు. ఆ అంకె మీ నాయిన చెవిన పడ్తదని అనుకున్న. పడ్డది."

గట్టయ్య మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకరినొకరు చూసుకోలేక చెరోవైపూ చూస్తున్నారు. అనసూర్యకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఒకరు రాలేదు, ఒకరు గుంజుకుంటూ పోయారు. మధ్యలో ఏడుగురు మనుషులు. ఎంత మందం రాయి వదిలితే నీళ్ళు ఆగుతాయో నేర్చుకుంటే సరిపోతుందని అనుకుంది నిన్నటిదాకా. గీత చూడాల్సినవాడు చూడకపోతే, ఆపాల్సినవాడు ఆపకపోతే, ఎంత రాయి ఉంటే మాత్రం ఏం లాభం? ఆ సముద్రం కింద రోజూ దిగేవాళ్ళు గీతను ఎట్లా చూసుకుంటారు? చూడనివాణ్ణి ఎట్లా పట్టుకుంటారు? ఇప్పుడు నిజంగా తెలుసుకోవాలనిపించింది.

సంచిలోంచి ఫారం తీసింది. అరుగు మీద పరిచి, ఖాళీ గడిలో రాసింది.

"ఏది రాసినవు?" అన్నాడు వామనరావు.

"నోవాస్కోషియా."

"కింద పేజీల?"

"జరిగింది జరిగినట్టు రాస్త సార్. గీత ఎవరు గీసిండ్రో, ఎవరు చూడలేదో, రెండూ."

ఆయన తల ఊపాడు. చెయ్యి చాపాడు. "అయితే నా ఉత్తరం నాకియ్యి."

ఆమె ఇచ్చింది. ఆయన దాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చించాడు. జానకమ్మ "అయ్యో, పిల్ల చదువు!" అని ముందుకొచ్చింది.

"తప్పు చేసినవాడే తన తప్పు నిజమని ఉత్తరమిస్తె చెల్లుతదా జానకీ? ఇది పనికిరాదు. వేరే మనిషి కావాలె, రేపు పది గంటల లోపల." కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు. "ఆనాటి సంగతి ఎరిగిన పెద్దమనిషి ఇంక ఒక్కడే బతికున్నడు. ఉమామహేశ్వర్ గారు. విచారణ చేసిందీ ఆయనే, నన్ను బర్తరఫ్ చేసిందీ ఆయనే. రిటైరై రామగుండంల ఉంటున్నడు. ఆయన ఉత్తరమిస్తె తిరుగులేదు. కాని ఆయన ముందర మేమిద్దరం నిజం ఒప్పుకోవాలె. విని ఊకుండే మనిషి కాదాయన. రేపే కంపెనీకి రాస్తడు. నాకేం పోతది, ముసలోణ్ణి. నీ నౌకరీ పోతది గట్టయ్యా. ఆలోచించుకో."

అనసూర్య తండ్రి వైపు చూసింది. "వద్దు బాపూ," అని నోటిదాకా వచ్చింది, కానీ మాట బయటికి రాలేదు. ఆ మాట రాకూడదని, ఆయన నిజం చెప్పాలని కూడా ఆమె మనసులో ఒక మూల కోరుకుంది. ఆ కోరికకు ఆమెకు సిగ్గేసింది.

గట్టయ్య లేచాడు. ధోతి దులుపుకున్నాడు. వంగి, విడిచిన చెప్పులు తొడుక్కున్నాడు.

"రామగుండం బస్సు ఎన్నింటికున్నది సారూ?" అన్నాడు.